పంపు ఎవరిదని అడిగినవాడు

నాకు మనిషిని నమ్మడం చేతకాదు. గొప్పకు చెప్పడం లేదు. పెళ్లయిన మొదటి నెలలోనే ఇంటావిడ ఈ సంగతి కనిపెట్టి నాకొక పేరు పెట్టింది, అది ఇక్కడ రాయను. ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, కౌంటర్ మీద వచ్చింది. కరీంనగర్‌లో ఒక ఎరువులు, పురుగుమందుల దుకాణంలో పదేళ్లకు పైగా పని చేశాను. రైతు రుమాలు కొసన నాలుగు ఆకులు ముడేసుకుని వచ్చేవాడు. ముడి విప్పి కౌంటర్ మీద పరిచేవాడు. మా సేటు మొదటి రోజే నాకు పని నేర్పాడు. ఒక నిమిషం ఆకు వైపు చూడాలి, తర్వాత వెనక్కి తిరిగి ఏ సీసాలు ఎక్కువ మిగిలిపోయాయో చూడాలి. "ఆకు ఏమన్న గానీ, చేతుల సీసా లేకుంట రైతు మెట్లు దిగొద్దు" అనేవాడు.

అన్నేళ్లు అక్కడ నిలబడ్డాక ఎవరు ఏ మందు పేరు చెప్పినా ముందు ఒకటే ప్రశ్న లేస్తుంది: వీడికేం లాభం? దుకాణం మానేసి లక్సెట్టిపేట వచ్చి, ఉన్న మూడెకరాలు చేసుకుంటున్నా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కూరగాయలమ్మే ఆవిడ "వంకాయ లేతగున్నది" అన్నా వంకాయ తొడిమ విరిచి చూసేవాడిని.

ఫోన్లో రైతుల ఫోరం ఒకటి ఉందని మా బావ చెప్పాడు. బావ అంటే మా అక్క భర్త, మస్కట్‌లో డ్రైవర్. అక్క బోథ్ దగ్గరి పల్లెలో రెండెకరాల పత్తి ఒక్కతే చూసుకుంటుంది. పంట ఫొటో పెట్టి ప్రశ్న అడిగితే తోటి రైతులే జవాబు చెబుతారట. నేను నవ్వాను. జవాబులు చెప్పేది రైతులు కాదు, మా సేటు లాంటివాళ్లే రైతుల పేరు పెట్టుకుని చెబుతుంటారని అన్నాను. అదేమిటో చూసి బయటపెడదామనే అందులో చేరాను.

ప్రతి జవాబు పక్కన రెండు బాణాలు ఉండేవి. నచ్చితే పైబాణం, నచ్చకపోతే కిందిబాణం. పైబాణాలు పడేకొద్దీ జవాబు పైకి పోతుంది, రాసినవాడికి పాయింట్లు వస్తాయి. కిందిబాణాలు మరీ ఎక్కువైతే జవాబు ముడుచుకుపోయి, "చాలామందికి ఇది నచ్చలేదు, చూడాలంటే నొక్కండి" అని బూడిదరంగు గీత ఒకటి మిగులుతుంది. ప్రశ్న అడిగినవాడు తనకు పనికొచ్చిన జవాబు మీద ఆకుపచ్చ టిక్కు పెట్టొచ్చు. పాయింట్లు బాగా పెరిగినవాడి పేరు పక్కన "గురువు" అని పడుతుంది.

చేరిన నెలకే నా అనుమానం నిజమైంది. ఒకాయన ఏదో సీసా ఫొటో పెట్టి, ఇది కొడితే పత్తికి ఏ రోగమూ రాదని రాశాడు. దాని కింద ఐదుగురు తమ చేలు బాగుపడ్డాయని సాక్ష్యం చెప్పారు. ఐదుగురూ పెట్టింది ఒకే చేను ఫొటో. గట్టు మీది ఎర్ర బకెట్ కూడా అదే. ఆ మాట రాశాను. పూట గడవకముందే రైతులు కిందిబాణాలు నొక్కి నొక్కి ఆ సీసాను బూడిదరంగు గీత చేసేశారు. నాకు ఎంత సంతోషమైందంటే, లేచి చేను దాకా నడిచి ఊరికే తిరిగొచ్చాను. పదేళ్లు కౌంటర్ మీద నోరు మూసుకుని చూసిన పని అది. అక్కడ అబద్ధాన్ని ఆపే బటన్ లేదు, ఇక్కడ ఉంది.

ఇంకో మంచి కూడా చూశాను. ముధోల్ వైపు నుంచి ఒక పెద్దావిడ, విత్తే ముందు సోయా గింజల్ని తడి గోనెసంచిలో చుట్టి మొలక ఎట్లా చూసుకోవాలో ఫోన్లో మాట్లాడి పెట్టింది. ఆవిడ చదువుకున్నది కాదు, పెద్ద పేరున్నదీ కాదు. ఐనా పైబాణాలు పడి పడి ఆ సీజనంతా ఆ మాట అన్నిటికంటే పైన నిలబడింది. బాణాలు మంచివే అనుకున్నాను అప్పుడు. ఇప్పటికీ సగం అట్లాగే అనుకుంటాను.

తర్వాత నా జవాబులకూ బాణాలు పడసాగాయి. మందుల సంగతి నాకు తెలుసు, రాయడమూ వచ్చు. ఒక పొద్దున నా పేరు పక్కన "గురువు" అని పడింది. ఆ రోజు ఫోన్ తీసి ఎన్నిసార్లు చూసుకున్నానో చెబితే సిగ్గుచేటు. ఛాయ్ హోటల్‌కు పోయి కూర్చుంటే అక్కడ ఒక్కడికీ తెలియదు. ఎవరికీ తెలియని గౌరవం కడుపులో మంట పెడుతుంది. ఇంకా పాయింట్లు కావాలనిపించింది.

అందుకు మా కుటుంబం గ్రూపు పనికొచ్చింది. అక్క, బావ, మేనమామలు, చిన్నాయన పిల్లలు, దుబాయిలో ఉన్నవాళ్లు, జగిత్యాలలో ఉన్నవాళ్లు అందరూ అందులో ఉంటారు. నేను జవాబు రాయగానే దాని లింకు గ్రూపులో వేసేవాడిని. అందరూ ఫోరంలోకి వచ్చి పైబాణం నొక్కేవాళ్లు. చదివేవాళ్లు కాదు. అది నాకు తెలుసు, ఎందుకంటే నా జవాబు చదవడానికి పట్టే టైంలో సగం కాకముందే బాణాలు వచ్చి పడేవి.

దీన్ని మోసం అనుకోలేదు మేము. మా వైపు ఏ కార్యమైనా బట్టలు పెట్టే అలవాటు ఉంది. పెండ్లికో, గృహప్రవేశానికో చుట్టాలు పాంటు షర్టు గుడ్డ, జాకెట్టు గుడ్డ కవర్లో పెట్టి తెస్తారు. ఆ కవరు ఎవరూ విప్పరు. బీరువాలో పెట్టి, రేపు ఇంకొకరి కార్యం వస్తే అదే తీసుకుపోయి పెడతారు. మేము చిన్నాయన ఇంట్లో పెట్టిన కవరు ఒకటి మూడిళ్లు తిరిగి, చిరిగిన మూలతో సహా మాకే వచ్చింది. లోపల ఏమున్నదనేది ముఖ్యం కాదు, పెట్టారా లేదా అన్నదే మాట. బాణాలు కూడా మాకు అంతే. మనోడు రాసిండు, మనం నొక్కాలె.

ఆ ఫోరంలో నాకు నచ్చని మనిషి ఒకడు ఉండేవాడు. ఫొటో లేదు, ఊరు లేదు, పాయింట్లు గుప్పెడు. ఎప్పుడూ జవాబు చెప్పడు, ప్రశ్నలు అడుగుతాడు. నీళ్లు ఎప్పుడు పెట్టిండ్రు? పోయిన ఏడు అదే చేన్ల ఏమేసిండ్రు? ఏమీ అమ్మనివాడు, ఏమీ తేల్చి చెప్పనివాడు ఎందుకు రోజూ కూర్చుని రాస్తాడు? నాకు అర్థం కాలేదు. అర్థం కానిది నాకు అనుమానమే. ఏదో కంపెనీ మనిషి అనుకున్నాను, రైతుల నుంచి వివరాలన్నీ రాబట్టి పైకి పంపుతున్నాడనుకున్నాను. ఒకసారి అందరి ముందే అడిగాను, నిన్ను ఏ కంపెనీ రాయమంటున్నదని. "ఏ కంపెనీ లేదన్నా. నేను రైతునే" అని రాశాడు. ఆ మాటకు కూడా మావాళ్లతో కిందిబాణాలు వేయించాను.

వానాకాలం నడుమ ఒక రైతు పత్తి ఫొటో పెట్టాడు. కొత్తగా వచ్చిన ఆకులన్నీ సన్నగా చీలికలై, బెండాకుల్లాగా ఉన్నాయి. ఇది వైరస్ తెగులు, తెల్లదోమ మోసుకొస్తుంది, మందు లేదు, మొక్కలు పీకెయ్యాలి, లేకుంటే మిగతా చేను కూడా పోతుంది అని రాశాను. నా జవాబు కింద ఆ ప్రశ్నల మనిషి వచ్చాడు. "మందు కొట్టిన పంపు ఎవరిది? దాంతో అంతకుముందు మక్కల గడ్డిమందు కొట్టిండ్రా? ఏ సాలు కాడ కొట్టుడు మొదలువెట్టిండ్రో, ఆకులు గక్కడ్నే ఎక్కువ చీలినయా? పీకకుండ్రి, పది రోజులు ఆగి చూడుండ్రి."

నాకు ఒళ్లు మండింది. గురువును నేనున్నాను, పీకమన్నాను. వీడు వద్దంటాడు. గ్రూపులో లింకు వేసి రాశాను: "వీడు కంపెనీ మనిషి. నా జవాబుకు మీదికి, వీనిదానికి కిందికి నొక్కుండ్రి." మధ్యాహ్నానికి ఆ ప్రశ్నలు ముడుచుకుపోయి బూడిదరంగు గీత మిగిలింది. అడిగిన రైతు నా జవాబు మీద ఆకుపచ్చ టిక్కు పెట్టాడు.

పన్నెండు రోజులు గడిచాయో లేదో, అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మన పత్తి ఆకులు బెండాకుల లెక్క అయినయ్ రా. నువ్వు రాసిందే మనకొచ్చింది. సూసిన నేను, నీదే అన్నిటికంటె మీద ఉన్నది, పచ్చ టిక్కు గూడ ఉన్నది."

ఆ గొంతులో దిగులు ఉంది, దాని మీద కొంచెం గర్వం కూడా ఉంది. తమ్ముడిది అందరికంటే పైన ఉందని. ఫొటోలు పంపమన్నాను, పంపింది. అవే ఆకులు. పంపు ఎవరిదని అడుగుదామని మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజం చెబుతున్నాను, వచ్చింది. అడిగితే ఆ మనిషి మాట విన్నట్టవుతుంది. మింగేశాను.

"పీకెయ్యాలె అక్కా."

"రెండెకరాలు గదరా. ఏం మిగల్దు మల్ల ఈ యేడు."

"ఉంచితే పక్క చేన్లకు గూడ అంటుకుంటది. ఫికర్ జెయ్యకు, శనగ ఏసుకోవచ్చు."

"నువ్వు చెప్పినంక ఇంకేమున్నది. రేపు పొద్దుగాల ట్రాక్టరాయన ఖాళీ ఉన్నడంట, దున్నిస్త."

మర్నాడు తెల్లవారి ఛాయ్ తాగుతూ అక్క పంపిన ఫొటోలు మళ్లీ తీశాను. ఎందుకంటే వాటిని ఫోరంలో పెట్టి, చూడండి నేను చెప్పినట్టే అయింది అని రాద్దామని. సొంత అక్క చేను పోతుంటే నేను దాన్ని సాక్ష్యానికి వాడుకోబోయాను. ఆ తొందరలో ఒక ఫొటోను పెద్దది చేసి చూస్తే, బావి పక్క సాళ్లలో ఆకులు పూర్తిగా చీలికలై ఉన్నాయి, దూరంగా బాట వైపు సాళ్లలో వెడల్పుగా, మామూలుగా ఉన్నాయి. వైరస్ అట్లా బావి దగ్గర మొదలై లైను ప్రకారం తగ్గుకుంటూ పోదు. పంపు అయితే పోతుంది, ట్యాంకు నింపుకుని కొట్టడం మొదలుపెట్టేది బావి దగ్గరే. మొదటి ట్యాంకులో పాత మందు ఎక్కువ, రెండోదానిలో కొంచెం తక్కువ, చివరికి వచ్చేసరికి కడిగినట్టు అయిపోతుంది.

అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చేన్లోకి పోయేటప్పుడు ఫోన్ ఇంట్లో చార్జింగ్ పెట్టి పోతుంది. నిర్మల్ బస్సెక్కి, అక్కడ దిగి ఇంకో బస్సెక్కి, దారంతా అక్క నంబరు నొక్కుతూనే ఉన్నాను.

ట్రాక్టరాయన ఆలస్యంగా వచ్చాడట, అదే మా పాలిటి అదృష్టం. నేను పోయేసరికి ఒక ఎకరం దున్ని తిండికి ఆగాడు. పూత మీదికి వస్తున్న పత్తి మొక్కలు మట్టిలో బోర్లాపడి ఉన్నాయి. అక్క గట్టు మీద కూర్చుని సద్ది విప్పుతోంది. నన్ను చూసి పరేషాన్ అయింది.

"ఏమైందిరా, చెప్పకుంట వచ్చినవ్?"

"మొన్న పురుగుల మందు ఏ పంపుతోని కొట్టిచ్చినవ్?"

"మనది ఖరాబైతే పక్కచేను పెదబాపుది తెచ్చిన. తైవాన్ పంపు. కడిగిన గదరా నీళ్లతోని, ఒకపారి."

పంపు ఇంకా తిరిగివ్వలేదు, చేను పక్క కొట్టంలోనే ఉంది. మూత తీసి వాసన చూశాను. ఆ గడ్డిమందు వాసన కళ్లు మూసుకుని పట్టగలను నేను, పదేళ్లు దాని పక్కన నిలబడ్డాను. మక్కకు, అంటే మొక్కజొన్నకు, ఏమీ కాదు దానితో. పత్తికి మాత్రం దాని గాలి సోకినా చాలు, ఆకులు ఇట్లా చీలిపోతాయి. నీళ్లతో ఒకసారి కడిగితే పోయేది కాదు, బట్టల సోడా వేసి రెండు మూడుసార్లు కడగాలి. కౌంటర్ మీద ఉన్నప్పుడు ఈ మాట ఎంతమందికి చెప్పానో. ఆకు చూసి గుర్తురాలేదు. ఆకు చూసింది నేను కాదు మరి, గురువు.

ట్రాక్టర్‌ను పంపించేశాం. ఫోరం తీసి, నా జవాబు దాటించి, బూడిదరంగు గీత నొక్కి ఫోన్ ఆమె చేతికిచ్చాను. అక్క నెమ్మదిగా చదువుతుంది, ఒక్కో మాట పెదవులతో పలుకుతూ. "పంపు ఎవరిది" దగ్గర ఆగింది. తర్వాత చివరిదాకా చదివింది. "పీకకుండ్రి" అన్న మాటను రెండుసార్లు చదివింది.

"గీయన ఎవలో మంచిగనే చెప్పిండు గదరా. గిది గిట్ల మూసిపెట్టిండ్రెందుకు?"

అప్పుడే చేతిలో ఉన్నది నా ఫోన్ అని గుర్తొచ్చినట్టుంది, ఇంటికి పోయి తన ఫోన్ తెచ్చింది. అందులో అదే పేజీ తీయమంది. తీశాను. ఆ జవాబు పక్కన కిందిబాణం ఎర్రగా వెలుగుతోంది. మనం నొక్కినదైతేనే అట్లా ఎరుపు ఉంటుంది.

"గిది నేనే నొక్కిన" అంది అక్క.

మట్టి వేలితో ఆ బాణాన్ని తీసేద్దామని మళ్లీ మళ్లీ నొక్కింది. రోజు దాటితే నొక్కినది మారదు, అది అక్కడి పద్ధతి. ఆ సంగతి చెప్పాను. ఫోన్ ఒళ్లో పెట్టుకుని దున్నిన వైపు చూస్తూ అన్నది:

"నువ్వు చెప్పినవని నొక్కిన తమ్మీ. నువ్వు చెప్పినవనే దున్నిపిచ్చిన."

తిట్టి ఉంటే బాగుండేది. సద్దిలో సగం నాకు పెట్టింది. తిన్నాను, ఏం తిన్నానో తెలియదు.

మిగిలిన ఎకరంలో చీలికలైన చిగుళ్లు గిల్లేశాం. మా పంపు బాగుచేయించి యూరియా నీళ్లు కొట్టాం. కొన్నాళ్లకు కొత్త ఆకులు వెడల్పుగా విచ్చుకున్నాయి. దున్నిన ఎకరంలో కూడా సగానికి సగం బతికేదేనని నాకు తెలుసు, అక్కకూ తెలుసు. ఆ మాట మేమిద్దరం ఎత్తం.

ఫోరంలో జరిగింది జరిగినట్టు రాశాను, నాది తప్పు, ఆ మనిషిది ఒప్పు అని. ఇక్కడ నాకు మళ్లీ అనుమానం మొదలైంది. ఆ రాతకు వచ్చినన్ని పైబాణాలు నా జన్మలో ఏ జవాబుకూ రాలేదు. తప్పు ఒప్పుకున్నందుకు మెచ్చుకున్నారు, పాయింట్లు ఇంకా పెరిగాయి. ఆ మనిషి జవాబు మాత్రం బూడిదరంగు గీత కిందే ఉంది. మా గ్రూపువాళ్లు నా తప్పు మీద కూడా చదవకుండానే పైకి నొక్కారు.

మొదట ఫొటో పెట్టిన రైతుకు విడిగా మెసేజ్ పెట్టాను. "మీరు చెప్పిన్రు గదన్నా, అప్పుడే పీకేసినం" అని చేతులు జోడించిన బొమ్మ పంపాడు. ఆయన పెట్టిన టిక్కు ఇప్పటికీ నా జవాబు మీదే ఉంది. అప్పుడు తోచింది నాకు. బాణాలన్నీ జవాబు చదివిన రోజే పడతాయి. పంట చేతికొచ్చాకో, పోయాకో తిరిగొచ్చి నొక్కేవాడు ఒక్కడూ లేడు. దొంగ సీసాను పట్టుకోవడానికి అంత తొందర పనికొచ్చింది. చేను సంగతి తేల్చడానికి పనికిరాలేదు.

ఆ ప్రశ్నల మనిషికి కూడా క్షమించమని రాశాను. రెండు రోజులకు జవాబొచ్చింది. "పర్వాలేదన్నా. మీ అక్క పత్తి ఇప్పుడెట్లున్నది?" మళ్లీ ప్రశ్నే. వీడికేం లాభం అని లోపల ఒకటి లేవబోయింది. దాన్ని పట్టి కూర్చోబెట్టాను.

దున్నిన ఎకరంలో అక్క చలికాలం శనగ వేసింది. దానికి పురుగు పడిందని ఫోన్ చేసింది. పురుగు ఎట్లుందో అడిగి, ఒక మందు పేరు చెప్పాను.

"తమ్మీ, ఒకటడుగుత, కోపానికి రాకు. గీ మందు పేరు నిన్ను ఎవలన్న చెప్పుమన్నరా?"

అడిగింది నా అక్క. నేను చెబితే రెండెకరాలు దున్నడానికి ట్రాక్టర్ పిలిచిన మనిషి.

"ఎవలు చెప్పుమనలేదక్కా. నేను రైతునే" అన్నాను. ఆ మాట నాకంటే ముందు ఎవరన్నారో నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది. ఆయన అన్నప్పుడు మేమేం చేశామో కూడా గుర్తొచ్చింది.

"ఐతే ఒకపారి వచ్చి చూసి చెప్పు తమ్మీ" అంది అక్క, మెల్లగా, నన్ను నొప్పించకుండా.

మర్నాడు మొదటి బస్సుకు పోయాను.